గేదె పాలలో వెన్న శాతం పూటపూటకీ ఎందుకు మారుతుంది?

ఒకే గేదె, ఒకే మేత. అయినా పాలకేంద్రంలో పొద్దున 6, సాయంత్రం 7.5 చూపిస్తే వెంటనే మిషన్‌ను అనుమానించక్కర్లేదు. రాత్రి వ్యవధి ఎక్కువైతే పొద్దున పాలు ఎక్కువ, వెన్న తక్కువ.

అసలు కిటుకు ఆఖరి ధారల్లో ఉంది. మొదటి ధారల్లో చాలా తక్కువగా ఉండే వెన్న చివరికొచ్చేసరికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. చాలామంది పితికాక దూడను వదులుతారు, చిక్కటివన్నీ దాని పాలే! దానికి ఒక చన్ను విడిచిపెట్టి, మిగతా మూడూ పూర్తిగా పిండండి. చేపుకొచ్చాక (పాలు చన్నుల్లోకి దిగాక) 5–7 నిమిషాల్లో అయిపోవాలి; జాగు చేస్తే, బెదిరిస్తే గేదె ఎగచేపుతుంది, అంటే పాలు దిగనివ్వదు.

లేత పచ్చిగడ్డి, దాణా మరీ ఎక్కువైనా వెన్న పడిపోతుంది. ఎండుగడ్డో చొప్పో తగలాలి. శాంపిల్‌కు ముందు పాలు అడుగు నుంచి కలిపించండి, మీగడ పైకి తేలి ఉంటుంది.