మడత కత్తి కొన్నావంట కదా అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ అల్లుడు బెంగళూరులో మడత కత్తి కొన్నాడంట, చెక్క బొమ్మలు చెక్కుతాడంట, అంతా నీ బుద్ధే" అని అరగంట తిట్టింది. నిన్ను కాదు, నన్ను! ఫోన్ పెట్టేశాక ఒక పక్క నవ్వు, ఒక పక్క గుండెల్లో దడ. మన ఇంట్లో పనిముట్టు పట్టడం నాతోనే ఆఖరనుకున్నా, నువ్వు ఆ కంప్యూటర్ ముందు నుంచి లేచి చెక్క ముక్క పట్టుకున్నావంటే సంతోషం కాకుండా ఎట్లుంటుంది. దడ సంగతి కింద చెప్తా.

ముందు చిన్నవి. అది జేబులో వేసుకుని విమానం ఎక్కొద్దు. "కడపోడు, చేతిలో కత్తి" అని ఆఫీసులో జోకులేస్తారు, నవ్వి ఊరుకో. ఎర్రచందనం ముక్క ఎవరు ఊరికే ఇచ్చినా ముట్టొద్దు, అది కేసుల చెట్టు. వడ్రంగి షాపుల్లో పారేసే టేకు ముక్కలతో మొదలుపెట్టకు, టేకులో కంటికి కనపడని ఇసుక లాంటిది ఉంటుంది, పదునును తినేస్తుంది. ఎండిన తుమ్మ అసలే వద్దు. పచ్చి వేప కొమ్మ బొటనవేలంత లావుది తెచ్చుకో, వెన్నలాగా తెగుతుంది. పాత తలుపు చెక్క మాత్రం వద్దు, లోపల విరిగిన మేకు ఉంటే అంచు పోతుంది.

ఇక నూరడం. కొత్త కత్తి కదా అని నమ్మకు, చాలావాటికి కంపెనీ పదును అట్టపెట్టె కోయడానికే సరిపోతుంది. ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు ఉండే కార్బొరండం రాయి చాలు. ఆన్‌లైన్లో రెండు చక్రాల మధ్య లాగే సాన ఒకటి అమ్ముతారు, అది వంకాయలు కోసే కత్తికి. కత్తిని రాయి మీద నిలువుగా పట్టుకో, అందులో సగానికి వంచు, మళ్ళీ సగానికి వంచు. అది దాదాపు 22 డిగ్రీలు. ఇంకొంచెం పడుకోబెడితే చెక్క పనికి సరిపోతుంది. వాటం కుదిరిందో లేదో తెలియాలంటే నల్ల మార్కర్‌తో అంచు పొడవునా గీసి రెండుసార్లు రాయి మీద నడుపు. రంగు పైన పోయి అంచున మిగిలితే మరీ వంచావు, అంచున మాత్రమే పోతే మరీ లేపావు. అదిమి నూరొద్దు, నాయన అనేవాడు, రాయిని అడగాలి గానీ కొట్టకూడదని.

ఒక పక్క నూరుతూ పోతే అవతలి పక్క అంచుకి సన్నటి గరుకు లేస్తుంది. బొటనవేలిని కత్తి వెన్ను వైపు నుంచి అంచు బయటికి మెల్లగా జారిస్తే తగులుతుంది. అంచు పొడవునా మాత్రం వేలు నడపొద్దు, తెగుతుంది. ఆ గరుకు పిడి దగ్గర నుంచి కొసదాకా వచ్చాకే పక్క మార్చు. ఆఖర్న పాత తోలు బెల్టు లోపలి వైపు కొంచెం బ్రాసో (ఇత్తడి సామాను తోమే పాలిష్) పూసి, వెన్ను ముందు అంచు వెనకగా పదీ ఇరవై సార్లు లాగు, మంగలి షాపులో తోలు పట్టీ మీద లాగేవాళ్ళు చూడు, అట్లా. చేతి వెంట్రుకలు గీసి చూసుకోవడం వీడియోల కోసం. నువ్వు కొమ్మను అడ్డంగా కోసి చూడు, కోసిన ముఖం మెరవాలి. తెల్ల గీతలు పడితే అంచులో అక్కడ చిన్న పన్ను పోయినట్టు.

రాయి మధ్యలో కొన్నాళ్ళకి గుంట పడుతుంది. నీ అద్దె ఇంటి వంటగదిలో అరలు నల్ల బండలైతే అవి మన కడప బండలే అయ్యుంటాయి, ఎర్రగుంట్ల పక్కనుంచి లారీల్లో పోయేవి. దాని మీద 120 నంబరు నీళ్ళ కాగితం (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి, తడిపి, రాయిని రుద్దితే చదునవుతుంది. ఆ బండ మీదే కత్తి నూరుదామనుకోకు, అది సున్నపురాయి, ఉక్కు కంటే మెత్తన. కత్తి గీత బండకి పడుతుంది, ఇంటి ఓనరు నిన్ను నూరుతాడు.

ఇప్పుడు దడ సంగతి.

1998. నువ్వు పుట్టి పదిహేను రోజులు, ఇరవై ఒకటో రోజు నిన్ను ఉయ్యాల్లో వేయాలి. ఉయ్యాలకి చెక్క చిలక చేసి కడతానని మీ అమ్మకి మాటిచ్చా. మా నాయన జేబు కత్తి ఒకటి ఉండేది, ఇత్తడి పిడి, లాక్ లేని రకం, వెనక స్ప్రింగు బిగువు మీదే నిలబడేది. నాయన దాన్ని గంటసేపు కూర్చుని రాయి మీదే నూరేవాడు. నాకు తొందర. వీధి చివర వెల్డింగ్ షాపులో గ్రైండర్ చక్రం కనపడింది. రెండు నిమిషాలు నిప్పురవ్వలు, తళతళ. కొస దగ్గర మాత్రం నీలం రంగు తిరిగింది, నెమలి మెడ మాదిరి. బాగుందే అనుకున్నా, చూడు నా తెలివి! ఉక్కు ఆ నీలానికి రావాలంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగలాలి, ఆ వేడికి దాని గట్టిదనం పోతుంది. కొలిమి దగ్గర కూర్చునే ఎవరినడిగినా చెప్పేవాళ్ళు, నేనడగలేదు.

చిలక ముక్కు వచ్చింది, రెక్క సగం వచ్చింది, పదును పోయింది. మళ్ళీ నూరా, గంటలో మళ్ళీ పోయింది. రాత్రయింది, కరెంటు లేదు, లాంతరు వెలుగులో కూర్చున్నా. ఒక కన్ను అయింది. రెండో కన్ను కోసం కొసతో గుచ్చి తిప్పుతున్నా, దిగదు, ఇంకొంచెం అదిమా, ఒళ్ళంతా బలం పెట్టి ఇంకొంచెం అదిమా, కత్తి మడుచుకుని పిడి పట్టుకున్న నా వేళ్ళ మీదికే వచ్చింది. ముందు నొప్పి తెలీలేదు, చిలక మీద ఎర్రగా ఇదేంది అని చూస్తున్నా. చూపుడు వేలు వంచే నరం తెగింది. కుట్లు పడ్డాయి గానీ ఆ వేలు మళ్ళీ పూర్తిగా మడవలేదు.

నేను అన్నం కలిపేటప్పుడు ఆ వేలు నిక్కి ఉంటుంది కదా, "మామ ఎవరికో దారి చూపిస్తాండాడు" అని నువ్వు పడి పడి నవ్వేవాడివి. రంపం తగిలిందని చెప్పా నీకు. రంపం కాదురా. ఆ చిలక ఒంటి కన్నుతోనే నీ ఉయ్యాలకి వేలాడింది. రెండో పక్క మీ అవ్వ కాటుక చుక్క పెట్టింది.

అందుకని అడుగుతున్నా, నీ కత్తికి లాక్ ఉందా? తెరిచాక టక్కుమని పడాలి, వెన్ను మీద అరచేత్తో తట్టినా కదలకూడదు. ఉన్నా సరే కొసతో గుచ్చొద్దు, చిల్లి కావాలంటే బరమా కొనుక్కో, నేనే డబ్బులిస్తా. నీ వైపుకి చెక్కేటప్పుడు బొటనవేలికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకో. మొద్దుబారిందని అనిపించిన క్షణం లేచి రాయి దగ్గరికి పో, ఇంకో రెండు గీతలు గీసి పోతాలే అనుకోవద్దు. నిద్రొస్తున్నప్పుడు అసలే పట్టుకోవద్దు, నీకు రాత్రి రెండింటిదాకా మేలుకునే రోగం ఉందని నాకు తెలుసు.

మడత కీలులో పొట్టు చేరితే లాక్ సగమే పడుతుంది, చూడ్డానికి మాత్రం పడినట్టే ఉంటుంది. వారానికోసారి పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్ళు, పొడి గుడ్డ, ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. మీ అమ్మ కొబ్బరినూనె వెయ్యమంటుంది, వినకు. అది 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది, జనవరిలో మీ బెంగళూరు చలికి కీలంతా జిగురు.

శనివారం బస్సులో మీ అమ్మ పంపే సంచిలో కారంపొడి డబ్బా కింద గుడ్డలో చుట్టి ఒక రాయి ఉంటుంది. అది మా నాయనది, అంచున కొంచెం పగిలింది, నూనె తాగిన రాయి, నీళ్ళు పోయొద్దు. అందగానే ఫోటో పెట్టు, రాయిదీ కత్తిదీ. కత్తి తెరిచి ఉన్నప్పుడు కీలు దగ్గర నుంచి తియ్యి, లాక్ కనపడాలి.

మీ మామ