నంబర్ థియరీ చదివి ప్రొఫెసర్ కావడానికి ఎన్నేళ్లు?

ప్రశ్న: మా అమ్మాయి మ్యాథ్స్‌లో ఎమ్మెస్సీ చివరి ఏడాది చదువుతోంది. నంబర్ థియరీలో (పూర్ణ సంఖ్యల ధర్మాలను చదివే గణిత శాఖ) పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. స్థిరపడటానికి ఎంతకాలం పడుతుంది? మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి? – ఒక తండ్రి

జవాబు: పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి సుమారు పదేళ్లు అనుకోండి. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు. ఆ తర్వాత పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), ఒక్కోటి రెండు మూడేళ్లు, తరచూ వేర్వేరు దేశాల్లో. అసలు టెన్షన్ ఇక్కడే. కొత్తచోట కుదురుకోకముందే తర్వాతి ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టాలి, అప్పటికి చేతిలో పేపర్లు ఉండాలి. గణితంలో ఒక పేపర్‌ను రిఫరీ (జర్నల్ తరఫున దాన్ని పరీక్షించే నిపుణుడు) చదివి తేల్చడానికే ఏడాది దాటిపోవచ్చు.

ఈ రంగంలో ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పలేం. గణితవేత్త ఇటాంగ్ జాంగ్ 1991లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. చాలాకాలం సరైన ఉద్యోగం లేదు, కొన్నాళ్లు శాండ్‌విచ్ షాపులో కూడా పనిచేశారు. 2013లో, యాభై ఎనిమిదేళ్ల వయసులో, 7 కోట్ల లోపు తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని నిరూపించారు. అదే ఏడాది, అప్పుడే పీహెచ్‌డీ ముగించిన జేమ్స్ మేనార్డ్ మరో పద్ధతిలో ఆ 7 కోట్లను 600కి దించారు. ఆయనకు 2022లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. జాంగ్ కథ వినడానికి బాగుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకూడదు.

కాబట్టి యూనివర్సిటీ పేరుకన్నా గైడ్ ఎవరన్నది ముఖ్యం. రెండు మూడేళ్లలో ఏదో ఒక ఫలితం వచ్చే సమస్య ఇచ్చే గైడ్ కావాలి. మొదటి రోజే రీమాన్ హైపోథిసిస్ లాంటి, ఇప్పటికీ ఎవరూ తేల్చని పెద్ద సమస్యను పట్టుకోమనేవారు వద్దు (అలాంటివారు తక్కువే అనుకోండి). ఆ గైడ్ దగ్గర చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో అమ్మాయినే కనుక్కోమనండి. వీలైతే వాళ్లలో ఇద్దరితో మాట్లాడమనండి. నంబర్ థియరీలో ఏ శాఖ అన్నది కూడా చూసుకోవాలి. ఆల్జీబ్రాయిక్ (బీజగణితం వాడే) వైపు వెళ్తే సొంత సమస్య మొదలుపెట్టే ముందే బోలెడు చదవాలి. అనలిటిక్ (కాలిక్యులస్ తరహా పద్ధతులు వాడే) వైపు కొంత త్వరగా పనిలోకి దిగొచ్చు.

మధ్యలో ఆగిపోతే క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే విద్య) ఉందిగా అంటారు చాలామంది. నిజమే, 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ అనే సంకేత పద్ధతి నిలబడింది పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీదే. కానీ డిగ్రీ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ప్రోగ్రామింగ్ రావాలి. పీహెచ్‌డీ మొదటి ఏడాది నుంచే పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, సేజ్‌మ్యాథ్ అనే గణిత సాఫ్ట్‌వేర్ వాడటం అలవాటు చేసుకుంటే పరిశోధనలో ఉదాహరణలు లెక్కగట్టడానికీ పనికొస్తాయి. ఇక పోస్ట్‌డాక్‌కి సిఫార్సు లేఖలు సాధారణంగా మూడు అడుగుతారు. గైడ్ కాక మరో ఇద్దరికి తన పని తెలియాలి కాబట్టి, రెండో ఏడాది నుంచే కాన్ఫరెన్సులకు వెళ్లి మాట్లాడమనండి.