అడుగు మరీ చిన్నదైతే అవకలజం ఎందుకు చెడిపోతుంది?
ఫంక్షన్ మారే రేటు, అంటే అవకలజం, కోడ్‌తో లెక్కగట్టడానికి x ని అడుగు అనే చిన్న మొత్తం h జరిపి, (f(x+h) − f(x))/h తీశారు. అడుగు తగ్గించేకొద్దీ అవకలజం మెరుగవ్వాలి కదా, మరి 10⁻¹⁶ దగ్గర సున్నా ఎందుకొచ్చిందని అడిగారు. మీ కోడ్‌లో తప్పేమీ లేదు.

సైన్ ఫంక్షన్‌కి 1 రేడియన్ దగ్గర అవకలజం అసలు విలువ 0.5403. అడుగు 0.1 అయితే 0.4974 వస్తుంది, 0.01 అయితే 0.5361. అడుగు పదో వంతైతే దోషమూ పదో వంతే. ఇదే ఒకటో ఆర్డర్ అభిసరణ. ఇక్కడిదాకా పాఠంలో చెప్పినట్టే. కానీ డబుల్ ప్రెసిషన్‌లో, అంటే కంప్యూటర్ సంఖ్యల్ని 64 బిట్లలో దాచే పద్ధతిలో, దాదాపు 16 అంకెలే నిలుస్తాయి. బాగా దగ్గరగా ఉన్న రెండు విలువల్ని తీసివేస్తే ముందరి అంకెలన్నీ కొట్టుకుపోతాయి. మిగిలిన కాస్త రౌండింగ్ దోషాన్ని చిన్న అడుగుతో భాగించగానే అది పెద్దదైపోతుంది. 10⁻¹⁶ కలిపితే 1 అసలు మారనే మారదు, అందుకే మీకు సున్నా.

10⁻⁸ దగ్గర అడుగు వల్ల వచ్చే దోషం, రౌండింగ్ దోషం రెండూ సరితూగి ఎనిమిది అంకెలు సరిగ్గా వస్తాయి. నేనైతే సెంట్రల్ డిఫరెన్స్, అంటే అటూ ఇటూ అడుగు వేసి తీసే (f(x+h) − f(x−h))/2h, వాడమంటాను: దోషం అడుగు వర్గంతో తగ్గుతుంది, 10⁻⁵ చాలు.