మామగారిని ఇంటికి తెచ్చుకుంటున్నావటగా

చి.ల.సౌ. లక్ష్మికి అత్తయ్య ఆశీస్సులు.

పక్షవాతంతో మాట పడిపోయిన మీ మామగారిని ఆస్పత్రి నుంచి నీ దగ్గరికే తెచ్చుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఉద్యోగం, చంటిపిల్ల, పైన ఈ సేవ! నాలుగు చీవాట్లు పెడదామనే కూర్చున్నాను. మా తమ్ముడి కూతురివి అనిపించుకున్నావని పొంగిపోయాను కూడా.

బీపీ మాత్రలు తప్పనివ్వకు. మింగేటప్పుడు పొలమారితే డాక్టరుకు చెప్పు. స్పీచ్ థెరపీ ఇప్పుడే మొదలెట్టు; మొదటి నెలల్లో మార్పు ఎక్కువ, ఆ తర్వాత ఏళ్లు గడిచినా కొంత వస్తూనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ మామయ్యకు మెదడు ఎడమవైపు దెబ్బతిన్నప్పుడు 'అదీ... అదీ' తప్ప ఏమీ వచ్చేది కాదు. ఒకరోజు మా బావగారు రెండో ఎక్కం ఎత్తుకుంటే, ఈయన అందుకుని రెండు పదుల ఇరవై దాకా గడగడా అప్పజెప్పేశారు. అంతే, బావగారికి అనుమానం. "ఎక్కం వచ్చినవాడికి నీళ్ళడగడం రాదూ? అంతా మొండితనం" అంటూ గ్లాసు ఎత్తి పట్టుకున్నారు. "నీళ్ళు అను, ఇస్తా." ఈయన పెదాలు కూడదీసుకున్నారు. నుదుట చెమట పట్టింది. "అదీ" అన్నారు. గ్లాసు ఇంకాస్త వెనక్కి పోయింది. ఈయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం, దాహమేసినా, బాగున్న ఎడమ చెయ్యి కూడా చాపలేదు.

కంఠతా వచ్చిన ఎక్కాలు, వారాల పేర్లు, పాటలు, ఆఖరికి తిట్లు కూడా వాటంతటవే దొర్లుకొస్తాయే పిచ్చిదానా. కావలసిన మాటను వెతికి తెచ్చుకోవడమే చేతకాదు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు చూసిన రోగికి 'టాన్' తప్ప మాట లేదట, కోపమొస్తే మాత్రం ఒక తిట్టు పలికేవాడట. మా డాక్టరు ఈ కథ చెప్తే మీ మామయ్య పకపకా నవ్వారు. అన్నీ అర్థమయ్యేవి మరి!

కాబట్టి నాటకమన్న మాట నీ గడపలో వినపడకూడదు. పలకా బలపం తెస్తే సరిపోతుందనుకోకు, చాలామందికి మాటతోపాటు రాతా పోతుంది. కాఫీ, మజ్జిగ రెండూ ఎదురుగా పెట్టి వేలితో చూపించమను. 'అవును', 'కాదు' తారుమారవుతాయి, ఇంకోసారి అడుగు. టీవీ ఆపి మాట్లాడు. అరవకు, ఆయనకు చెవుడు లేదు.

మీ ఆడపడుచు నోరు నాకు తెలుసు. ఆవిడ వచ్చినప్పుడు నువ్వు పక్కనే ఉండు. నేనూ బుధవారం బండెక్కుతున్నాను. రాత్రిళ్ళు ఆయన్ని నేను చూసుకుంటాను, నువ్వు కాస్త కన్ను మూద్దువుగాని. స్టేషనుకు ఎవరినీ పంపకు, ఆటోలో వస్తాను.