అహ్మదాబాద్‌లో పనిచేస్తున్న మేనకోడలికి

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

2030 కామన్వెల్త్ క్రీడల పనుల్లో నీకు అహ్మదాబాద్‌లో ఉద్యోగం దొరికిందని అమ్మ ఫోనులో చెప్పింది. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడలకూ, మరుసటి ఏడాది ఆఫ్రో ఏషియన్ క్రీడలకూ జరిగిన నిర్మాణాల్లో ఇంజనీరుగా తిరిగినవాణ్ణి కనుక, నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఎస్టిమేటు వేసే రోజునే, పోటీలు ముగిసిన మర్నాడు ఆ కట్టడం తాళాలు ఎవరి చేతికి వెళతాయో కాగితం మీద రాయించు. నేను చూసిన పనుల్లో ఒక ఈతకొలను ఉండేది. కట్టడంలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే పోటీల తరవాత నీళ్లు శుద్ధిచేసే యంత్రాలను నడిపే ఆపరేటరు పోస్టు మంజూరు కాలేదు, కరెంటు బిల్లు ఏ పద్దు కింద కట్టాలో తేలలేదు. మూడు వేసవులు తిరిగేసరికి పంపులు తుప్పుపట్టి, అడుగున పరిచిన పలకలు ఊడిపోయాయి. తప్పు నాది కూడా. నేను తయారుచేసిన ఎస్టిమేటులో నిర్వహణ ఖర్చుకు ఒక్క పంక్తి కూడా లేదు.

అదే 2002లో కామన్వెల్త్ క్రీడలు జరిపిన మాంచెస్టర్ వారు ఈతకొలనును రెండేళ్లు ముందుగానే, అంటే 2000లోనే తెరిచారు. నగరపాలక సంస్థ, అక్కడి విశ్వవిద్యాలయాలు కలిసి కట్టుకోవడం వల్ల రోజూ ఈదే విద్యార్థులూ ఊరివాళ్లూ దానికి మొదటి నుంచీ ఉన్నారు. ప్రధాన స్టేడియం సంగతి ఇంకా గమనించదగినది. క్రీడలు కాగానే పరుగుపందేల ట్రాక్ తీసేసి, నేలను లోతుగా తవ్వి కింద మరో వరుస సీట్లు చేర్చి, 2003లో ఫుట్‌బాల్ జట్టుకు అప్పగించారు. ఆ తవ్వకం క్రీడలయ్యాక పుట్టిన ఆలోచన కాదు, కట్టడం మొదలుపెట్టకముందే డ్రాయింగులో ఉంది. 2014 కామన్వెల్త్ క్రీడలకు గ్లాస్గో దీనికి తలకిందులుగా చేసింది: హాంప్డెన్ పార్క్ అనే పాత ఫుట్‌బాల్ మైదానాన్ని ఇనుప కాళ్ల మీద దాదాపు 2 మీటర్లు ఎత్తి, పైన ట్రాక్ పరిచి, పని కాగానే విప్పేసింది. పది రోజుల అవసరానికి కొత్త స్టేడియం అడిగేవాళ్లు నీకు తప్పక ఎదురవుతారు. వాళ్లకు ఈ పని గురించి చెప్పు.

మన గచ్చిబౌలిని పూర్తిగా విఫలమైందనలేను. అక్కడి ఇండోర్ స్టేడియంలో 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి. ఆ ప్రాంగణంలోని క్రీడాగ్రామం టవరును 2020లో కరోనా ఆసుపత్రిగా మార్చారు. వెడల్పైన వరండాలూ, గదిగదికీ నీటి సదుపాయమూ ఉన్న భవనం ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది, కానీ ఆ అక్కర కోసం అది పదిహేడేళ్లకు పైగా ఎదురుచూడడం నాకు బాధగానే ఉంటుంది.

రోడ్లు, రైళ్ల విషయంలో గడువుకు దడిసి నాణ్యతను వదులుకోకు. ఢిల్లీ విమానాశ్రయపు మెట్రో అక్కడి 2010 కామన్వెల్త్ క్రీడలకు అందలేదు, నాలుగు నెలల తరవాత మొదలైంది. దానికి జనం ఎవరూ ఏడవలేదు. 2012లో పట్టాల వంతెనను స్తంభాల మీద మోసే బేరింగులలో లోపాలు బయటపడి నెలల తరబడి ఆపివేసినప్పుడు మాత్రం రోజువారీ ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. మీకు మొతేరా నుంచి గాంధీనగర్ దాకా మెట్రో ఇప్పటికే నడుస్తోంది కాబట్టి, కొత్త వేదిక ఏదైనా ఆ దారికి నడిచి వెళ్లేంత దగ్గరలో పడేట్టు పట్టుబట్టు. వాన నీటి కాలువలు, మురుగు పైపులు, మంచినీటి ట్యాంకులు వేదిక ప్రహరీతో ఆగిపోకుండా చుట్టుపక్కల కాలనీల లెక్క కూడా కలుపుకొని సైజు వేయించు. వీటికి ప్రారంభోత్సవాలుండవు కాబట్టి నిధులకు కోత పడితే మొదట వీటిమీదే పడుతుంది, అందుకే వీటి టెండర్లు అన్నిటికన్నా ముందు పిలిపించు.

చివరగా, నేల కింద నిజంగా ఎక్కడ ఏ పైపు, ఏ కేబుల్ వేశారో చూపే డ్రాయింగులు అందేవరకు కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు పాస్ చేయకు. ఒక ప్రతిని రేపు ఆ పైపు పగిలితే తవ్వాల్సిన మున్సిపల్ ఇంజనీరుకు నీ చేత్తో ఇచ్చి సంతకం తీసుకో.

నీ మామయ్య