కొబ్బరి మోడులో దొరికిన చిలక పిల్లకు ఏం పెట్టాలి?

ప్రశ్న: మా తోటలో మొవ్వు పోయి ఎండిపోయిన కొబ్బరి చెట్టును నిన్న నరికించాం. పడిపోయాక చూస్తే తొర్రలో రెండు రామచిలక పిల్లలున్నాయి. ఒకటి చనిపోయింది. బతికినదానికి కళ్లు తెరుచుకున్నాయి, ఒంటి నిండా ముళ్లలా ఈక మొలకలు వచ్చాయి. మా అమ్మాయి పాలన్నం మెత్తగా పిసికి పెడుతోంది. ఇవాళ పొద్దున్నుంచి మెడ కింద ఉబ్బి గట్టిగా ఉంది, నోరు తెరవడం లేదు. ఇంట్లోనే పెంచుకోవాలని ఉంది. ఏం పెట్టాలి? రోజుకు ఎన్నిసార్లు?
– ఒక కొబ్బరి రైతు, అమలాపురం దగ్గర

జవాబు: ముందు పాలన్నం ఆపండి. పాలలో ఉండే చక్కెరను అరిగించుకునే శక్తి పక్షి పేగులకు లేదు. మెడ కింద ఉబ్బినది మేతసంచి. కోళ్లకు ఉండేదే దీనికీ ఉంటుంది. అన్నం ముద్ద అందులో దిగకుండా పులుస్తున్నట్టుంది. అది ఖాళీ అయ్యేదాకా మరో మెతుకు కూడా పెట్టకండి.

పిల్ల ఒళ్లు ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే మేతసంచి కదలదు, కాబట్టి మేత కన్నా ముందు వెచ్చదనం కావాలి. అట్టపెట్టెలో పాత నూలు గుడ్డ పరిచి, కోడిపిల్లలకు బ్రూడర్ పెట్టినట్టే ఒక పక్కన 40 వాట్ల పాతకాలపు బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు. ఈ వయసు పిల్లకు 30 డిగ్రీల వేడి చాలు. నోరు తెరిచి రొప్పుతుంటే బల్బు దూరం జరపండి, ముడుచుకుని వణుకుతుంటే దగ్గరికి జరపండి. ఒళ్లు వెచ్చబడ్డాక గోరువెచ్చని ఓఆర్‌ఎస్ నీళ్లు రెండు మూడు మిల్లీలీటర్లు చుక్కలుగా పట్టించి, సంచిని వేలితో మెల్లగా నిమరండి. తలకిందులు చేసి పిండే పని మాత్రం చేయకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమిషాల్లో చనిపోతుంది. నాలుగైదు గంటలైనా గట్టిగానే ఉంటే ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

ఇక పెంచుకునే మాట. రామచిలక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షి. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్‌లో ఉంది. ఇంట్లో ఉంచుకుంటే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2018 నుంచి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా ఇదే. పంజరంలో చిలకను చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి ఇది నేరమంటే మనకు నమ్మబుద్ధి కాదు. పొద్దుతిరుగుడు చేలో డబ్బాలు కొట్టి తరిమేదీ మనమే, ఇంట్లో పంజరం వేలాడదీసేదీ మనమే! అటవీ శాఖ రేంజి ఆఫీసుకు ఈరోజే ఫోన్ చేసి, చెట్టు నరికితే దొరికిందని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఈలోగా ఒక ప్రయత్నం చేయవచ్చు. పిల్ల తేరుకుని ఉంటే, అటవీ సిబ్బందితో మాట్లాడి, తొర్ర ఉన్న మొద్దు ముక్కను కోయించి పక్క చెట్టుకు అంతే ఎత్తులో, నీడపట్టున గట్టిగా కట్టించండి. అడుగున చెక్కపొట్టు వేసి, పొద్దున్నే పిల్లను అందులో ఉంచి దూరంగా జరిగిపోండి. మనిషి చెయ్యి పడితే తల్లి రానివ్వదనేది ఉత్త మాట. తల్లీ తండ్రీ రెండూ మేత కక్కి పెట్టే జాతి ఇది, పిల్ల అరుపు వింటే వచ్చే అవకాశం ఉంది. సాయంత్రం దాకా ఒక్కటీ రాకపోతే చీకటి పడకముందే పిల్లను దించండి.

అటవీ సిబ్బంది వచ్చేదాకా ఒకటి రెండు రోజులు మీరే తినిపించాల్సి వస్తే, పెంపుడు పక్షుల దుకాణాల్లో దొరికే హ్యాండ్ ఫీడింగ్ పొడి అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే పెసరపప్పు మెత్తగా ఉడికించి, ఉడికిన గుడ్డు పచ్చసొన కొద్దిగా కలిపి, మెదిపి వడకట్టండి. ఉప్పు, నూనె, పంచదార వద్దు. చంటిపిల్లల డబ్బా పొడుల్లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది, అవీ వద్దు. గంజి కన్నా కాస్త చిక్కగా, చెంచా నుంచి జారేలా ఉండాలి. ప్రతిసారీ కొత్తగా కలపండి, మిగిలింది పారబోయండి.

చాలామంది తప్పు చేసేది వేడి దగ్గరే. చేత్తో చూసి 'గోరువెచ్చగానే ఉంది' అనుకుంటే సరిపోదు. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరును గిన్నెలో ముంచి చూడండి, 102 నుంచి 104 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. అంతకన్నా చల్లారితే పిల్ల తినదు, తిన్నా అరగదు. 110 దాటితే మేతసంచి లోపల కాలిపోతుంది. ఆ సంగతి మీకు అప్పుడు తెలియదు, కొన్ని రోజులకు మెడ కింద చర్మం నల్లబడి చిల్లు పడితే తెలుస్తుంది. మైక్రోవేవ్‌లో ఒకచోట చల్లగా, ఒకచోట మరుగుతూ ఉంటుంది కాబట్టి గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చచేయండి.

సిరంజి అలవాటు లేనివాళ్లకు చెంచాయే క్షేమం. చిన్న టీస్పూను రెండు అంచులూ లోపలికి వంచితే దొన్నెలా అవుతుంది. పిల్ల తల ఊపుతూ అడిగినప్పుడే దాని ఎడమ వైపు నుంచి ముక్కు అంచున పెట్టండి, మింగాకే ఇంకొంచెం. నోరు విప్పి పోయకండి. పిల్ల బరువులో పదో వంతు ఒక పూటకు సరిపోతుంది, అంటే 100 గ్రాములుంటే 10 మిల్లీలీటర్ల లోపే. ఈ వయసుకు పగలు నాలుగు గంటలకోసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి పెట్టాలి. పాత మేత దాదాపు దిగాకే కొత్తది పెట్టాలి, తెల్లవారేసరికి సంచి పూర్తిగా ఖాళీ కావాలి. విడిగా నీళ్లు పట్టనక్కర్లేదు.

పెరట్లో కోళ్లుంటే పిల్లను వాటికి దూరంగా ఉంచండి, కొక్కెర తెగులు దీనికీ సోకవచ్చు. రెట్టలు ఎండి దుమ్ముగా లేస్తే చిలక జ్వరం మనుషులకు వస్తుంది. పెట్టె శుభ్రం చేసే పని మీ అమ్మాయికి అప్పగించకండి, మీరు చేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆమెకు పక్షి కావాలనే కోరిక ఉంటే, మనవాళ్లు లవ్‌బర్డ్స్ అని పిలిచే బడ్జీలు, కాకటీల్స్ విదేశీ జాతులు. వాటిని పెంచుకోవడానికి రామచిలకకు ఉన్న ఈ చట్టం అడ్డు లేదు. సొంతంగా గింజలు తినడం నేర్చినవాటినే కొనండి.

ఎండిన మోడులు తోటలో ఉంచవద్దని మేమే చెబుతుంటాం, కుళ్లిన మొద్దులో కొమ్ము పురుగు పెరుగుతుంది కాబట్టి. ఆ మాటకు కట్టుబడే ఉన్నాం. కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా చిలకలు పిల్లలు చేసే కాలం. నరికే ముందు మొద్దుకు తొర్ర ఉందేమో, చిలకలు వచ్చిపోతున్నాయేమో పొద్దున్న ఓ అరగంట చూడండి. ఉంటే, గుడ్డు పగిలిన ఆరేడు వారాలకు పిల్లలు ఎగిరిపోతాయి. అప్పుడు నరికించి మొద్దును తగలబెట్టండి.