ఇది డిప్రెషనా, నా బద్ధకమా?

"బీటెక్ రెండో ఏడాది, మూడు బ్యాక్‌లాగ్స్, రెండు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు, ఇంట్లో చెప్పలేకపోతున్నాను, ఇది డిప్రెషనా నా బద్ధకమా" అని మీరు రాసి అడిగారు. ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఎనిమిదేళ్ల కిందట హాస్టల్ గదిలో నేనూ రోజూ అదే అనుకునేవాణ్ణి.

పదో తరగతి దాకా మా ఊళ్లో తెలుగు మీడియం. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ సీటు వస్తే నాన్న ఊరంతా చెప్పుకున్నారు. రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి అమ్మ ఫోన్ చేసేది. "తిన్నావా?" "తిన్నా." "ఏం కూర?" నోటికొచ్చిన కూర పేరు చెప్పేవాణ్ణి. మెస్ మొహం చూసి అప్పటికి రెండు రోజులయ్యుండేది. ఫోన్ పెట్టేశాక ఒళ్లంతా ఎవరో కొట్టినట్టుండేది. పోయిన నాలుగు సబ్జెక్టుల కంటే ఆ రెండు నిమిషాల అబద్ధమే నన్ను ఎక్కువ తినేసింది.

ఒకసారి బకెట్లో బట్టలు నానబెట్టి, ఉతకడానికి లేవలేక వదిలేశాను. నాలుగో రోజుకి గదంతా వాసన. మా రూమ్మేట్ ఒక్క మాటా అనకుండా అవన్నీ ఉతికి, దండెం మీద ఆరేసి, తడిచేతులతోనే వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. "ఏమైంది రా? నువ్విలా ఉండేవాడివి కాదు" అన్నాడు. ఏడుపు ఆగలేదు. బతకాలని లేదని మొదటిసారి ఒక మనిషితో అన్నాను. వాడు భయపడ్డాడు. కానీ తిట్టలేదు, నీతులు చెప్పలేదు. ఆ రాత్రంతా నా పక్కనే ఉండి, తెల్లారగానే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అనే మాటను పిచ్చాసుపత్రి అనే అర్థంలో ఎగతాళిగా వాడతారని మీకు తెలుసు. గేటు దగ్గర నా కాళ్లు కదల్లేదు. లోపల ఓపీ లైన్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక ఉద్యోగి, చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె, నా వయసు కుర్రాళ్లు ఇద్దరు. అందరూ జ్వరానికి వచ్చినవాళ్లలాగే కూర్చుని ఉన్నారు. నా భయం సగం అక్కడే దిగిపోయింది.

నాది బద్ధకమేమో అని డాక్టరు గారిని అడిగేశాను. "చదువు సరే, నీకు ఇష్టమైనవి చేయాలనిపిస్తోందా?" అన్నారు. ఆలోచించాను. క్రికెట్ చూసి రెండు నెలలైంది. బిర్యానీ తెచ్చి ముందు పెట్టినా తినాలనిపించలేదు. బద్ధకస్తుడు చదువు మానేస్తాడు గానీ, ఇష్టమైనవి మానుకోడు కదా. దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువసేపు ఉంటే, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే చూపించుకోవాల్సిందేనని చెప్పారు. మీరు రాసినదాన్ని బట్టి మీరూ వెళ్లాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా నీరసం ఇలాగే ఉంటుందని నాకు రక్తపరీక్షలు కూడా చేయించారు.

మాత్రల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటి వారం కడుపులో తిప్పింది, నోరు ఎండిపోయింది, మనసులో మార్పేమీ లేదు. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడో వారంలో ఒక మధ్యాహ్నం మెస్ పక్కనుంచి వెళ్తుంటే పప్పుచారు తాలింపు వాసన తగిలి ఆకలేసింది. ఎంత సంతోషం వేసిందో! రెండు నెలలకి బాగైపోయానని నా అంతట నేను మానేశాను. కళ్లు తిరిగాయి, మళ్లీ నిద్ర పట్టడం మానేసింది. ఆ తప్పు మీరు చేయకండి. ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

చదువు సంగతికొస్తే, ఆ సప్లిమెంటరీలో నాలుగూ రాయలేదు. రెండే రాశాను, రెండూ పాసయ్యాను. అటెండెన్స్ తగ్గి ఉంటే ఇప్పుడే ఆఫీసులో అడగండి. జేఎన్‌టీయూ నిబంధనల్లో 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవాళ్లకు, సరైన కారణం చూపిస్తే కండోనేషన్, అంటే ఆ తగ్గిన హాజరును మన్నించే అవకాశం ఉంది. దానికి డాక్టరు సర్టిఫికెట్ పనికొస్తుంది.

ఒంటరిగా ఆస్పత్రికి వెళ్లడానికి ధైర్యం చాలకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. నా రోజుల్లో అది లేదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఓపీ రోజు కోసం ఆగొద్దు. వెంటనే పక్క గదివాళ్లనైనా లేపండి, ఒంటరిగా ఉండకండి, ఎంత రాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇంట్లో ఫోన్లో చెప్పడం నా వల్ల కాలేదు. నాన్నకి మెసేజ్ పెట్టాను. వెంటనే ఫోన్ చేశారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బస్సుకి డబ్బులున్నాయా? ఇంటికి రా" అన్నారు. మార్కుల సంగతి ఎత్తనే లేదు. అమ్మ దిష్టి తీసింది, రాత్రి మాత్రలు కూడా తనే గుర్తుచేసి వేయించింది. అందరి ఇళ్లూ అలా ఉండవని తెలుసు. నాన్నకి చెప్పలేకపోతే అక్కకో, మేనమామకో, నమ్మకమున్న లెక్చరర్‌కో చెప్పండి. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే నేను పెట్టిన మెసేజ్ ఇదీ, మీ వివరాలకు తగ్గట్టు మార్చుకుని వాడుకోండి:

"నాన్నా, నాకు ఒంట్లో బాగోలేదు. రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదు, చదవలేకపోతున్నాను. నాలుగు సబ్జెక్టులు పోయాయి, చెప్పడానికి భయమేసింది. డాక్టరుకి చూపించుకున్నాను. నువ్వొకసారి మాట్లాడు."